డాబా మీద తీగ

యజ్ఞనారాయణగారు చెక్‌పోస్టు ఉద్యోగం నుంచి రిటైరయ్యారు గానీ, ఆయన అనుమానం మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది. పాలప్యాకెట్ అందుకుంటే అరచేతిలో ఒకసారి ఎగరేసి బరువు చూస్తారు. కొరియర్ కుర్రాడు నవ్వితే, ఎందుకు నవ్వాడో తెలుసుకుందామని మెట్ల మలుపు దాకా వెళ్ళి తొంగిచూసి వస్తారు. అలాంటి మనిషిని మణికొండలో రెండు బ్లాకుల అపార్ట్‌మెంటుకి సెక్రటరీని చేశారంటే, చేసినవాళ్ళని అనాలి. వాళ్ళు మాత్రం ఏం చేస్తారు? మిగతా అందరికీ ఆఫీసులున్నాయి, ఈయనకి తీరిక ఉంది.

ఆ గురువారం ఇంకా తెల్లవారకముందే స్నానం ముగించి, రోజూలాగే పూజగది స్విచ్చి నొక్కారు. వెంకటేశ్వరస్వామి పటం చుట్టూ ఎరుపూ ఆకుపచ్చా సీరియల్ లైట్లు ఒకదాని వెంట ఒకటి పరుగెత్తాయి. కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుని, పూలసజ్జ పట్టుకుని డాబా మీదికి బయలుదేరారు. నిజానికి ఆయన తన కుండీల్లో నందివర్ధనాలు కోసేది ఎండపొడ వచ్చాకే. ఇవాళ సజ్జ ఒక సాకు. నిన్న సాయంత్రం వాచ్‌మన్ రామన్న మోటారు కట్టేస్తూ మాటల్లో ఒక ముక్క జార్చాడు.

"ఫైవ్ నాట్ ఫోర్ల కిరాయికుండే జ్యోత్స్న మేడం రోజు చీకట్లనే పైకి పోతది సార్. చేతుల డబ్బ పట్టుకోని."

"ఏం డబ్బా?"

"టిఫిన్ డబ్బ లెక్కుంటది."

"టిఫిన్ డబ్బాయేనా?"

"గదే తెల్వది సార్," అన్నాడు రామన్న. ఆ 'తెల్వది'తో యజ్ఞనారాయణగారికి రాత్రి కునుకు పడితే ఒట్టు.

డాబా మీద తీగ సంగతి ఆయనకు తెలియనిదేమీ కాదు. దసరాకి ఆ అమ్మాయి కొత్తగా దిగినప్పుడు, "సార్, పైన ఒక వైరు కట్టుకోవచ్చునా?" అని అడిగింది. బట్టలారేసుకోవడానికి కాబోలనుకుని ఊఁ అనేశారు. పప్పులో కాలేశారు. రెండ్రోజులు పోయాక చూస్తే, 'ఏ' బ్లాకు నీళ్ళ ట్యాంకుకి నిలువుగా ఒక ప్లాస్టిక్ గొట్టం కట్టి ఉంది. దాని కొస నుంచి బీ బ్లాకు ట్యాంకు దాకా సన్నటి నల్ల తీగ గాల్లో వేలాడుతోంది. అది చాలదన్నట్టు నేలమీద కూడా నాలుగు దిక్కులకీ తీగలు పరిచి ఉన్నాయి, ఒకటైతే సరిగ్గా తన కుండీల పక్క నుంచే. ఏ తీగ మీదా ఒక్క తువ్వాలైనా ఆరిన పాపాన పోలేదు.

మెట్లెక్కి, ఎవరో రాత్రి తీయడం మరిచిపోయిన దుప్పటి వెనకాల నిలబడ్డారు. ఫిబ్రవరి చివర కదా, చలి ఇంకా సన్నగా కొరుకుతోంది. గచ్చిబౌలి వైపు అద్దాల మేడల్లో అక్కడక్కడా దీపాలు. ట్యాంకు పక్కన ప్లాస్టిక్ స్టూలు మీద జ్యోత్స్న కూర్చుని ఉంది. తలకి హెడ్‌ఫోన్లు, ఒళ్ళో శాలువా, ముందు ఇటుకల మీద ఆ డబ్బా. బొటనవేలూ చూపుడువేలూ దగ్గర చేసి, అగ్గిపెట్టెంత ఇనప ముక్క మీద మీటుతోంది. టిక్. టిక్‌టిక్. టిక్. మీటడం ఆపి వింటుంది. వింటుంటే ఆమె కనుబొమలు దగ్గరపడుతున్నాయి. మళ్ళీ మీటుతుంది. మళ్ళీ వింటుంది.

ఎవరికి పంపుతోంది? ఏం పంపుతోంది? యజ్ఞనారాయణగారి గుండె పాత రోజుల్లోలాగా, టార్పాలిన్ కింద చెయ్యి పెట్టిన క్షణంలోలాగా ఉత్సాహంగా కొట్టుకుంది.

ఉన్నట్టుండి ఆ అమ్మాయి, "ఛీ, ఇయ్యాల గూడ గదే లొల్లి," అని హెడ్‌ఫోన్లు లాగేసింది. సంచిలోంచి ఇంకో చిన్న రేడియో తీసింది. దానికి చేతిగాజులాంటి తీగచుట్ట ఒకటి తగిలించి ఉంది. దాన్ని ముందుకు చాచి పట్టుకుని మెట్లు దిగింది. ఈయన చెప్పులు చేత్తో పట్టుకుని సగం మెట్లు వెనకాలే దిగారు. ఐదో అంతస్తు నడవలో ఆమె ఒక్కో తలుపు ముందూ ఆగుతోంది. చుట్టని ఇటూ అటూ తిప్పి, చెవి దగ్గర పెట్టుకుంటోంది. 503 దగ్గర ఆగింది, కదిలింది. 502 దగ్గర ఆగింది, కదిలింది. 501 దగ్గర ఆగిపోయింది.

అది తన ఇల్లు!

ఆమె తలుపు వదిలి గోడ వెంట జరిగి, సరిగ్గా పూజగది ఉన్న చోట చుట్టని గోడకి ఆనించింది. చాలాసేపు వింది. లోపల నాగేశ్వరి ఒక్కతే ఉంది. యజ్ఞనారాయణగారి చేతిలోంచి ఒక చెప్పు జారబోయి ఆగింది. జ్యోత్స్న బెల్లు కొట్టలేదు. తలుపు వంక ఒక చూపు చూసి, పెదవి కొరుక్కుని, తన ఫ్లాటులోకి వెళ్ళిపోయింది. ఆ చూపేమిటో ఆయనకు అర్థం కాలేదు గానీ అందులో కోపం ఉంది. దొంగకి కోపమెందుకు?

*

సాయంత్రం సెల్లారులో కార్ల మధ్య కుర్చీలు వేయించి అత్యవసర సమావేశం పెట్టారు. వచ్చినవాళ్ళు తక్కువే గానీ ఫిర్యాదులకి కొదవ లేదు. మూడో అంతస్తు రోహిత్ తన వైఫై మీటింగుల మధ్యలో తిరుగుతూ ఉండిపోతోందన్నాడు. బీ బ్లాకు అశ్విని గేటు కెమెరాలో గీతలొస్తున్నాయంది. లిఫ్టు రోజుకోసారి మధ్యలో ఆగిపోతోందని అందరూ కలిసే అన్నారు.

"లిఫ్టు గా మేడం రాకముందు నుంచే గట్లనే ఆగుతుండె కద," అన్నాడు రామన్న స్తంభం దగ్గర్నుంచి.

"నిన్నెవరడిగారు?" అన్నారు యజ్ఞనారాయణగారు.

జ్యోత్స్న ఆఫీసు నుంచి తిన్నగా వచ్చింది. మెడలో ఐడీ కార్డు ఇంకా వేలాడుతోంది. ముప్పై దాటి ఉండవు. కుర్చీ లాక్కుని కూర్చోకుండా, బ్యాగులోంచి ఒక కాగితం తీసి ఆయనకిచ్చింది. ఆయన దాన్ని ట్యూబులైటుకి ఎదురుగా పెట్టి చూశారు. వెనక్కి తిప్పి చూశారు. గోటితో ముద్ర గీకి చూశారు.

"గవర్నమెంటు లైసెన్సు సార్ అది. హ్యామ్ రేడియోది, సొంత రేడియో తోటి దూరదేశం వాళ్ళతోని మాట్లాడనీకి. పరీక్ష రాసి తెచ్చుకున్న," అంది జ్యోత్స్న.

"లైసెన్సు లేని లారీని నేను ఎప్పుడూ పట్టుకోలేదమ్మా. అన్నిటికీ ఉండేవి. అసలు పైన కూర్చుని ఏం చేస్తావు?"

"రేడియోల అన్నిటికన్న కిందుండే బ్యాండు ఒకటుంది. నూట అరవై మీటర్లంటరు. పగలు ఏం వినవడది. చీకటి పోయి వెలుగొచ్చే ముందు కొద్దిసేపు మాత్రం దూరం నుంచి వస్తది. నేను అయిదు వాట్ల తోటి, టిక్కుటిక్కుమని మోర్స్ కోడ్ల పిలుస్త. మీ ఇంట్ల జీరో బల్బు కన్న తక్కువ."

"అంత తక్కువతో ఎందాకా వెళ్తుంది?"

"బల్గేరియాల ఒక పెద్దాయన ఉన్నడు. ఆయన తోటల పెద్ద పెద్ద తీగలున్నయి. ఆయన దాంక పోవాలె."

రోహిత్ ఫోన్లోంచి తలెత్తాడు. "వాట్సాప్‌లో కాల్ చేయొచ్చుగా అక్కా?"

"చెయ్యొచ్చు."

"పోనీ ఇంకొంచెం పవర్ పెట్టొచ్చుగా?"

"పెడితే ఎవరైనా మాట్లాడతరు తమ్మీ."

నవ్వులు రేగాయి. యజ్ఞనారాయణగారు నవ్వలేదు. ఆయన కుర్చీలో ముందుకి వంగి, తనకి బాగా అలవాటైన ప్రశ్న మెల్లగా వదిలారు. "సరే. దీనివల్ల నీకేం వస్తుంది?"

జ్యోత్స్న ఒక్క క్షణం ఆలోచించింది. "ఏం రాదు సార్."

ఆ మాటతోనే ఆయన తీర్పు ఇచ్చేసుకున్నారు. లోపలేముందంటే 'ఏం లేదు సార్' అన్న ఏ డ్రైవర్నీ ఆయన తన సర్వీసులో దింపకుండా వదిలిపెట్టలేదు.

"మరి పొద్దున్న మా ఇంటి గోడకి చెవి ఆనించి ఏం విన్నావు?"

అశ్విని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. జ్యోత్స్న మొహం ఎర్రబడింది గానీ కళ్ళు దించలేదు.

"మీకు తెల్వదా సార్?" అంది.

"నాకెలా తెలుస్తుంది?"

ఆమె లైసెన్సు వెనక్కి తీసుకుని బ్యాగులో పెట్టుకుంది. ఆదివారం పొద్దున్న తీగ తీయించేయాలని నిర్ణయమైంది. జ్యోత్స్న కాక చెయ్యెత్తనిది రామన్న ఒక్కడే, అతనికి ఓటు లేదు. "ఆదివారం తెల్లారేదాంక ఉండనియ్యిండ్రి," అంది జ్యోత్స్న. "ఎండలు ముదిరితే ఇగ ఆ బ్యాండు మీద ఉరుముల చప్పుడే. చలికాలమంతా దీని కోసమే కూసున్న. మూడు పొద్దులు మిగిలినయి." యజ్ఞనారాయణగారు ఉదారంగా సరేనన్నారు. మూడు పొద్దులు ఆయనకీ కావాలి, అసలు సరుకు ఇంకా దొరకలేదు కదా.

*

శుక్రవారం సాయంత్రం కూరగాయల సంచితో లిఫ్టు ఎక్కారు. తలుపు మూసుకోబోతుండగా ఒక చెయ్యి అడ్డం వచ్చింది. జ్యోత్స్న. దిగిపోదామా అనుకున్నారు గానీ అప్పటికే లిఫ్టు కదిలింది. మూడుకీ నాలుగుకీ మధ్య ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది.

"చూసిండ్రా సార్?" అంది ఆమె చిన్నగా. "నా రేడియో ఇంట్ల బీరువాల ఉంది. ఇగ ఇది ఎందుకాగింది?"

యజ్ఞనారాయణగారు అలారం బటన్ నొక్కి పట్టుకున్నారు. కింద నుంచి రామన్న, "ఆగుండ్రి సార్, తిప్పుతున్న, పరేషాన్ కాకుండ్రి," అని అరిచాడు. అతను పైకెక్కి లిఫ్టు రూములో చక్రం తిప్పాలి. దానికి ఎంతసేపు పడుతుందో ఇద్దరికీ తెలుసు. సంచిలో తోటకూర వాడిపోతోంది.

"ఆ బల్గేరియా ఆయన దాకా వెళ్ళిందా?" అని ఆయనే అడిగారు. ఊరికే ఉండలేని నోరు.

"పోయింది సార్. అదే కద బాధ! ఆయన నన్ను వింటున్నడు. మెయిల్ పెట్టిండు. 'రోజు నీకు జవాబిస్తున్న, నువ్వెందుకు పలుకుతలేవు బిడ్డా' అని. నాకే ఆయన వినవడ్తలేడు."

"వినపడ్డావని మెయిల్ వచ్చిందిగా. ఇంకేం? అయిపోయినట్టేగా."

"కాదు సార్. నా లైసెన్సు మీదుండే పిలుపు పేరు ఆయన తిరిగి చెప్పాలె, నేను ఎంత గట్టిగ వినవడుతున్ననో ఒక అంకె చెప్పాలె. అది నేను నా చెవులతోని విని, మల్ల ఆయనకు చెప్పాలె. అప్పుడే మాట్లాడినట్టు లెక్క. మెయిల్ల చూసి రాసుకుంటే అది దొంగలెక్క."

"రాసుకుంటే ఎవరు పట్టుకుంటారు?"

"ఎవ్వరు పట్టుకోరు."

"చెక్ చేసేవాళ్ళు లేరా?"

"లేరు సార్."

యజ్ఞనారాయణగారు ఆ అమ్మాయిని మొదటిసారి కొత్తగా చూశారు. చెక్ చేసేవాడు లేని చోట మనుషులు సరిగ్గా ఉంటారంటే నమ్మడానికి ఆయనకు మనసొప్పలేదు. అబద్ధం చెప్తోందా? అబద్ధమైతే ఇంకొంచెం నమ్మేలా చెప్పేది కదా.

"సార్, ఒకటి అడుగుత. ఏమనుకోవద్దు." జ్యోత్స్న గొంతు మారింది. "నేను మీకేం తప్పు చేసిన?"

"ఏంటమ్మా?"

"నాకు దూరం సిగ్నల్ వచ్చే టైముకే, సరిగ్గ అప్పుడే, మీ ఇంట్ల ఏదో ఆన్ చేస్తున్నరు. గుర్రుమని ఒకటే చప్పుడు, ఆయన మాట దాని కింద పడి నలిగిపోతది. మంచిగ తెల్లారినంక బంద్ చేస్తరు. దీపావళి కాడ్నుంచి రోజు ఇంతే. ఒక్క దినం తప్పలే. మొదట్ల ఎవరింట్లనో ఏదో ఖరాబైందేమో అనుకున్న. చలికాలమంతా తిరిగి తిరిగి నిన్న మీ గోడ కాడ దొరికింది. మీరు సెక్రటరీ. వైరు మీకిష్టం లేదు. అందుకే నన్ను వెళ్ళగొట్టనీకి గిట్ల చేస్తున్నరేమో అని..."

"నేనా?"

ఆ 'నేనా' లిఫ్టు రేకులకి తగిలి ఖంగుమంది. ఆయనకి ఒళ్ళంతా మండిపోయింది. జీవితమంతా ఆయన అందర్నీ అనుమానించారు. ఆయన్ని అనుమానించినవాళ్ళు లేరు. బల్ల కింద చెయ్యి చాపనివాడని డిపార్టుమెంటు మొత్తం చెప్పుకున్న మనిషిని, నిన్న గాక మొన్న దిగిన పిల్ల, దొంగచాటుగా స్విచ్చి నొక్కి ఏడిపిస్తున్నావంటోంది!

"నోరు జాగ్రత్తమ్మా. నా వయసేంటి, నువ్వనే మాటేంటి?"

"నా తోటి కూడ నిన్న అందరి ముంగట గిట్లనే అన్నరు కద సార్," అంది జ్యోత్స్న. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. లిఫ్టు చప్పున కదిలి నాలుగో అంతస్తులో తలుపు తెరిచింది. ఆయన అక్కడే దిగిపోయి మిగతా మెట్లు ఎక్కారు.

*

అవమానం నిద్ర పట్టనీయలేదు. శనివారం ఆయనకంటే ముందు కోడి కూడా లేచి ఉండదు. స్నానం చేసి పూజగది ముందు నిలబడి, స్విచ్చి మీద వేలు పెట్టి ఆగారు. ఆమె చెప్పింది అబద్ధమని తేలాలి. తేల్చడం తనకు తెలిసిన పనే.

వంటింట్లో అటక మీద నాగేశ్వరి పాత ట్రాన్సిస్టరు ఉంది. దించి, దుమ్ము తుడిచి, గోడగడియారం బ్యాటరీలు పీకి అందులో వేశారు. స్టేషన్లన్నీ దాటించి ముల్లుని కుడి చివర దాకా తిప్పారు. అక్కడ ఏ స్టేషనూ లేదు, వానలాంటి సన్నటి చప్పుడు తప్ప. ట్రాన్సిస్టరు చంకలో పెట్టుకుని వెళ్ళి పూజగది స్విచ్చి నొక్కారు. లైట్లు పరుగెత్తాయి. చంకలో ట్రాన్సిస్టరు గుర్రుమంది.

స్విచ్చి తీశారు. వాన చప్పుడు. వేశారు. గుర్రు.

ఆయన అంత తేలిగ్గా నమ్మే మనిషి కాదు. ట్రాన్సిస్టరు పాతది, అదే అబద్ధం చెప్తోందేమో? తనకి ముందే తెలిసి వింటున్నారు కాబట్టి అలా వినిపిస్తోందేమో? లారీలు తూచే కాటా మీద అనుమానమొస్తే ఏం చేసేవారు? చూసేవాడికి తెలియకుండా బరువు మార్చేవారు. నాగేశ్వరిని లేపారు.

"నువ్వు పూజగదిలో నిలబడి నీ ఇష్టమొచ్చినట్టు లైట్లు వెయ్యి, తియ్యి. నాకు చెప్పొద్దు. నేను హాల్లోంచి చెప్తాను."

"మీకేమైనా అయిందా అండీ?"

"చెప్పింది చెయ్యవే."

హాల్లో గోడవైపు తిరిగి, కళ్ళు మూసుకుని, ట్రాన్సిస్టరు చెవికి ఆనించుకున్నారు. "వేశావు!" అని అరిచారు. లోపల్నుంచి, "వేశానండీ," అంది నాగేశ్వరి. "తీశావు!" "తీశాను." "వేశావు! ఉండు, తీశావు!" "అయ్యో రామా, అవును." ఆవిడ ఆయన్ని బోల్తా కొట్టించాలని చాలాసేపు ఏమీ చేయకుండా ఊరుకుంది. ఈయన కూడా ఊరుకున్నారు. గబగబా నాలుగుసార్లు నొక్కింది. ఈయన నాలుగూ చెప్పారు. "దేవుడి లైట్లతో ఈ ఆటలేంటండీ, ఎవరైనా చూస్తే నవ్విపోతారు," అంటూ ఆవిడే నవ్వు ఆపుకోలేక పటం ముందు చతికిలబడింది.

యజ్ఞనారాయణగారికి నవ్వు రాలేదు. ఒక్కసారి కూడా తప్పలేదు. దీపావళికి ఊరంతా లైట్లు పెట్టింది, కార్తీకం వెళ్ళాక అందరూ తీసేశారు, తమ ఇంట్లో మాత్రం స్వామివారి దగ్గర అందంగా ఉన్నాయని ఉంచేశారు. రోజూ తెల్లవారుజామున, ఒక్క రోజు తప్పకుండా, తన వేలితోనే.

ఇంకా హాల్లోనే నిలబడి ఉండగా బెల్లు మోగింది. తలుపు తీస్తే జ్యోత్స్న. శాలువా భుజం మీద నుంచి జారిపోయి ఉంది, చేతిలో చుట్ట చుట్టిన తీగ ఉంది. నేల మీద పరిచినవన్నీ తీసేసింది కాబోలు.

"చాలు సార్. నాకు సమజైంది," అంది. "ఆదివారం దాంక కూడ వద్దు. నేనే తీసేస్త."

"అమ్మా, అది..."

"ఇయ్యాల ఆయన ఎన్నడు రానంత గట్టిగ వచ్చిండు. నా పిలుపు పేరు సగం చెప్పిండు. సగం! మీరు వేసిండ్రు. మల్ల తీసిండ్రు. నేను మల్ల పిలిచిన. ఆయన మొదలుపెట్టిండు, మీరు మల్ల వేసిండ్రు. ఆడుకున్నట్టు వేసుడు తీసుడు, వేసుడు తీసుడు. లోపట నవ్వులు కూడ వినవడ్డయి మెట్ల కాడికి. గంత కోపమైతే మొకం మీదనే తిట్టొచ్చు కద సార్?"

ఆయన నోరు తెరిచారు. ఏం చెప్తారు? పరీక్ష చేశానంటే ఎవరు నమ్ముతారు? ఆ స్థానంలో తానుంటే నమ్మేవారా? చచ్చినా నమ్మరు. జ్యోత్స్న వెళ్ళిపోయింది. వెనక నుంచి నాగేశ్వరి, "పాపం ఆ పిల్ల ఎందుకేడుస్తోందండీ?" అని అడుగుతున్నా వినపడనట్టు అక్కడే నిలబడిపోయారు.

*

ఆ రోజంతా ఆయన ఎవర్నీ అనుమానించలేదు. పాలప్యాకెట్ తూచలేదు. సాయంత్రం పూజగదిలోకి వెళ్ళి, చెంపలు వేసుకుని, పటం చుట్టూ ఉన్న సీరియల్ సెట్టు మేకుల మీంచి ఒక్కొక్కటే విప్పారు. కొసన వేలాడే నల్ల డబ్బాతో సహా ఈనాటి పేపర్లో చుట్టి, పురికొసతో కట్టారు. కట్టు మీద అలవాటుగా మూడు ముళ్ళు వేశారు, జప్తు చేసిన సరుకుకి వేసినట్టు.

504 తలుపు కొట్టారు. జ్యోత్స్న తీసింది గానీ లోపలికి రమ్మనలేదు.

"మా పూజగది సీరియల్ లైట్లమ్మా ఇవి. నీకు చప్పుడు చేసింది ఇవే. పొద్దున్న నేను ట్రాన్సిస్టరు పెట్టి పరీక్ష చేశాను. నా మాట నువ్వు నమ్మక్కర్లేదు. నేనైతే నమ్మను." పొట్లం ముందుకి చాచారు. "ఇది నీ కస్టడీలో ఉంచుకో. రేపు పొద్దున్న ఇది నీ ఇంట్లో ఉంటుంది. అప్పుడు కూడా చప్పుడొస్తే నేను దొంగని."

జ్యోత్స్న పొట్లాన్ని చూసింది, ఆయన్ని చూసింది. ఈ ముసలాయన కొత్తగా ఏం ఎత్తు వేస్తున్నాడా అన్నట్టు చూసింది. ఆ చూపు ఆయనకి చాలా బాగా తెలుసు. అద్దంలో చూసుకున్నట్టే ఉంది. చాచిన చెయ్యి దించకుండా అలాగే నిలబడ్డారు. మోచెయ్యి నొప్పెట్టింది.

ఆఖరికి ఆమె అందుకుంది. "దేవుని లైట్లు కద సార్. మరి దేవునికి?"

"నూనె దీపం పెడతాను. దానికి చప్పుడు ఉండదుగా?"

"ఉండది," అంది జ్యోత్స్న. నవ్వలేదు గానీ, తలుపు మాత్రం మెల్లగా వేసింది.

*

ఆదివారం చీకటితోనే లేచి కుందిలో నూనె పోసి, వత్తి వెలిగించారు. "పటం బోసిగా ఉందండీ," అంది నాగేశ్వరి. "ఉండనీ," అన్నారు. కానీ ఒక్కచోట కూర్చోలేకపోయారు. గ్రైండర్ దగ్గరికి వెళ్తున్న నాగేశ్వరిని ఆపారు. ఫ్రిజ్ కట్టేశారు. ఫోను ఛార్జర్లన్నీ పీకారు. అప్పటికీ మనసు నిలవక, మీటరు దగ్గర మెయిన్ దించేసి, సజ్జ తీసుకుని డాబా ఎక్కారు.

నేల మీద తీగలు మళ్ళీ పరిచి ఉన్నాయి. ప్రాణం లేచొచ్చింది. అడుగు చూసి వేసుకుంటూ కుండీల దాకా వెళ్ళి నిలబడ్డారు. జ్యోత్స్న ఆయన్ని చూసి తలాడించింది. మీటింది. టిక్‌టిక్. టిక్. ఆగింది. నార్సింగి వైపు పొగమంచు ఇంకా కదల్లేదు గానీ, తూర్పున ఆకాశం అడుగున ఒక గీత తెల్లబడుతోంది. ఇంకాసేపైతే ఆ కొద్ది సమయమూ దాటిపోతుంది. యజ్ఞనారాయణగారు ఎన్నో రాత్రులు లారీల కోసం కాపు కాశారు. ఒకరి పని జరగాలని ఇలా కాపు కాయడం ఇదే మొదలు.

ఆమె మళ్ళీ మీటింది. ఆగింది. ఉన్నట్టుండి ఎడమ చెయ్యి గాల్లోకి లేచి, 'కదలొద్దు' అన్నట్టు నిలిచిపోయింది. జ్యోత్స్న పెదవులు కదులుతున్నాయి, వింటున్నదాన్ని అక్షరం అక్షరం తనలో తాను చెప్పుకుంటూ. భుజాలు కిందికి జారాయి. కళ్ళు తుడుచుకోకుండానే గబగబా మీటింది, ఈసారి కొంచెం ఎక్కువసేపు. హెడ్‌ఫోన్ ఒక చెవి తీసి ఆయన వైపు చాచింది.

ఆయన మోకాళ్ళు పట్టుకుని వంగి చెవి పెట్టారు. వాన చప్పుడు. దాని అడుగున ఎక్కడో, చాలా దూరంగా, చీమ నడిచినంత సన్నగా ఒక కూత. ఆగి ఆగి. రెండుసార్లు. అంతే, వాన.

"అయిపోయిందా?"

"అయిపోయింది సార్. ఇద్దరం విన్నం." ఆమె నవ్వుతోంది, ముక్కు ఎగబీలుస్తోంది.

"అది ఆయనే అని ఏంటి నమ్మకం?" అని అడిగేశారు. పుట్టుబుద్ధి ఎక్కడికి పోతుంది!

"నమ్మకమే సార్. అంతకన్న ఏం లేదు."

యజ్ఞనారాయణగారు దాని గురించి ఇంకా ఆలోచిస్తూ ఉండగానే మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. రామన్న కటింగ్ ప్లేయరు పట్టుకుని పైకొచ్చాడు. ముఖం ముడుచుకుని ఉంది.

"తియ్యమంటరా సార్? మీటింగుల ఆదివారం అన్నరు కద."

జ్యోత్స్న డబ్బా మూత పెడుతున్నదల్లా ఆగింది. ఆయన వంక చూడలేదు. యజ్ఞనారాయణగారు రామన్న చేతిలోంచి ప్లేయరు తీసుకుని లాల్చీ జేబులో వేసుకున్నారు.

"ఉండనీ. పది గంటలకి కుర్చీలు వెయ్యి. మళ్ళీ మీటింగు."

"మల్లనా? అందర్కి ఏమని చెప్పాలె సార్?"

"చప్పుడు చేసే ఫ్లాటు దొరికిందని చెప్పు."

రామన్నకి ఉత్సాహం వచ్చింది. "ఎవలది సార్?"

ఆయన కుండీ మీదికి వంగి, ఒక నందివర్ధనం కోసి సజ్జలో వేసుకున్నారు. ఇంకొకటి కోశారు.

"ఐదు వందల ఒకటి," అన్నారు.